పోస్టర్‌లో పట్టని మూడు వాక్యాలు

మే 6

నాలుగు వేల నూట పన్నెండు మంది. ఒక్క రోజులో చేరారు. పొద్దున ఆ అంకె చూసి మా యాప్ పాడైందనుకుని రెండుసార్లు మూసి తెరిచాను. టీ కూడా మర్చిపోయాను. ఇది సంతోషమే అయ్యుంటుంది.

గ్రాఫు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. మా మార్కెటింగ్ పెద్దకు ఎదుటి మనిషి మొహం కన్నా గోడమీది గీత ముఖ్యం. నన్ను చూసి లేవడం ఈ ఆరు నెలల్లో ఇదే మొదలు. ఆయన సిద్ధాంతమే గెలిచింది మరి: మనుషుల్ని ఒక్కొక్కరినీ పిలవకు, గూడుతో సహా ఎత్తుకురా. ప్రతి గుంపులోనూ నొప్పి వచ్చినప్పుడు అందరూ ఎవరికి రాస్తారో చూడు. అదే దూలం. దూలాన్ని కదిలిస్తే ఇల్లంతా కదులుతుంది.

నా దూలం నర్సమ్మ గారు. రిటైరైన నర్సు. మైగ్రేన్ ఉన్న ఆడవాళ్ళ ఫోరం ఒకటి పన్నెండేళ్ళుగా నడుపుతున్నారు. ఆ సైటును దాని కంపెనీ ఈ నెలాఖరుకి మూసేస్తోంది. మూడుసార్లు ఆవిడ ఇంటికి వెళ్ళాను. మూడుసార్లూ పరదాలు దించిన గదిలోనే మాటలు. ఆవిడకు వెలుతురు పడదు కనుక స్లైడ్లు చూపించే వీలు లేదు. చీకట్లో కూర్చుని బ్లాక్‌చైన్ గురించి చెప్పాను. వికేంద్రీకృతం అనే మాట పూర్తిచేసేలోగా వినేవాళ్ళకు నిద్రొస్తుంది కాబట్టి, ఇలా చెప్పాను: మీరు రాసింది ఒకే కంపెనీ బీరువాలో ఉండదు, వేల కంప్యూటర్లలో ఒకేసారి పడుతుంది, ఎవరూ మూసేయలేరు, ఎవరూ చెరపలేరు.

ఆవిడ ఒక్కటే అడిగారు. రాసినవాళ్ళే చెరుపుకోవాలనుకుంటే? చెరుపుకోవాల్సిన అవసరం ఎందుకొస్తుందండీ, మీ మాట మీది అన్నాను. చీకట్లో ఆవిడ మొహం కనబడలేదు.

ఈ నోట్‌బుక్ కాగితందే కొన్నాను. మా వేదిక మీద రాస్తే చించేయలేను కదా. నాలో నేనే నవ్వుకున్నాను.

ఫోన్ చేసి చెప్పగానే బావ తన కళ్ళజోళ్ళ షాపులో ఉన్న కస్టమర్లందరికీ ఫోన్ స్పీకర్లోనే ప్రకటించాడు, మా మరదలు ఊరినే లేపుకొచ్చిందని. ఇంటికొచ్చి చెబితే అక్క బాగుందే అంది. తలనొప్పిట. మూడో మెట్టు మీద కూర్చుని ఉంది. పై కిటికీ వెలుతురూ కింద వీధి వెలుతురూ రెండూ అందని మెట్టు అదొక్కటేనట.

స్నానాల గదికి కొత్త గడియ ఇవాళా రాలేదు. తువ్వాలు తలుపు మీద వేసి పాట పాడుతూ స్నానం చేశాను. నా గొంతుకు భయపడి గడియే పారిపోయిందన్నాడు బావ. పొట్ట పట్టుకుని నవ్వాను.

మే 9

కొత్తగా వచ్చిన వాళ్ళ నుంచి ఒకటే గోల. పాత ఫోరంలో మారుపేర్లుండేవి, ఇక్కడెలా అని. మా ప్రోగ్రామర్ మౌని కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండా వివరించాడు. ఒక్కో ఫోనుకి ఒక్కో తాళంచెవి, ఆ చెవి మీద ఎన్ని పేర్లయినా పెట్టుకోవచ్చు. అతను వారానికి మాట్లాడే మొత్తంలో అది సగం.

'ఒకే తాళంచెవి, నచ్చినన్ని పేర్లు' అని నాలుగు పేజీల గైడు రాసేశాను. పేరు పక్కనున్న తాళంచెవి గుర్తును ఎవరు నొక్కినా దానిమీదున్న పేర్లన్నీ వరసగా కనిపిస్తాయన్న సంగతి కూడా రాయాలి కదా అన్నాడు మౌని. మొదటి పేజీలోనే భయపెడితే ఎవరుంటారు? నాలుగో పేజీలో పెట్టాను.

నాలుగో పేజీ ఎవరూ చదవరు. చదవరని నాకు తెలుసు.

అయినా రాశాను కదా.

మే 11

ఏడు వేలు దాటాం. ఏప్రిల్లో మొత్తం మీద ముప్ఫై మందిని చేర్చడానికి నానా అవస్థ పడ్డాను. అంకె పెరగాలని అక్కకూ బావకూ నేనే ఖాతాలు తెరిచాను. అక్క వద్దంటుంటే మెట్ల మీద కూర్చోబెట్టి ఫొటో తీశాను. అసలు పేరు, అసలు ఫొటో. బావ పక్కన నిలబడి 'కాస్త నవ్వు, పాస్‌పోర్టుకి కాదు' అన్నాడు. ఇప్పుడు తలుచుకుంటే ఆ ముప్ఫై ఎంత చిన్న అంకె.

మే 14

ఈ నెల మేటి పోస్టును ఎంచాల్సింది నేనే. దాన్ని పోస్టర్ చేసి కొత్తగా చేరే ప్రతి ఒక్కరికీ మొదట చూపిస్తాం. నర్సమ్మ గారి గుంపులోంచే తీసుకోమన్నారు గ్రాఫు గారు. కన్నీళ్ళు ఉండాలి కానీ తడి ఎక్కువ కాకూడదట.

రెండు రోజులు చదివాను. అంతా తలనొప్పి గురించే అనుకున్నాను. తలనొప్పి గురించి రాసేది పదిలో ఒకరు. మిగతా వాళ్ళు అన్నీ రాస్తారు. అత్తగారి గురించి, పడిపోయిన గర్భం గురించి, ఇరవై ఏళ్ళ నుంచి ఎవరితోనూ అనని ఒక మాట గురించి. చదువుతూ చదువుతూ టీ చల్లారిపోయింది. ఇంత బరువు ఇన్నాళ్ళూ ఒక పాత సైట్లో పడి ఉందా?

చివరికి మూడోమెట్టు అనే పేరుతో ఉన్న పోస్టు దొరికింది. దానికి సాటి లేదు. పోస్టర్ మీద ఇలా వేశాం:

'స్నానాల గదికి గడియ లేదు. ఏడు నెలలైంది. బిగించే మనిషి దొరకడం లేదంటారు ఆయన. లోపల ఉన్నంతసేపూ బయట నిలబడి మాట్లాడుతూనే ఉంటారు. నా జవాబు ఆగితే తలుపు తీస్తారు. నిన్న తను అన్న మాట ఇవాళ అనలేదంటారు. తలనొప్పి వల్ల నాకు మతి పోతోందని డాక్టరు ముందు నవ్వుతూ చెప్పారు.'

ఇంకో మూడు వాక్యాలు ఉన్నాయి. ఎవరో చెల్లెలి గురించి. పోస్టర్‌లో పట్టవు, పైగా విషయం పక్కకు పోతోంది. కత్తిరించాను. ఇప్పుడు చాలా బిగువుగా ఉంది.

గ్రాఫు గారు మళ్ళీ లేచి నిలబడ్డారు.

మే 15

పోస్టర్‌ను పదకొండు వేల మంది చూశారు.

మే 17

పొద్దున టీ దగ్గర బావ పోస్టర్‌ను గట్టిగా చదివాడు. అతనూ సభ్యుడే కదా, నేను చేర్చిందే. ప్రతిదీ నొక్కి చూడటం అతనికి సరదా. షాపులో ఫ్రేములు కూడా అలాగే తిప్పి తిప్పి చూస్తాడు. ఎవరో పాపం మొగుడి మీద కసి కొద్దీ రాసిందన్నాడు. ఆ మొగుడెవరో దొరికితే ఒక కళ్ళజోడు ఫ్రీగా ఇస్తానని, పెళ్ళాం కనబడేదాకా ఆగలేకపోతున్నాడు పాపం అని అన్నాడు.

నవ్వాను. నవ్వొచ్చేలా అంటాడు ఏదైనా.

అక్క కప్పు సింకులో పెట్టి పైకి వెళ్ళిపోయింది. సగం టీ అలాగే ఉంది.

ఎన్ని ఇళ్ళలో గడియలు పాడవవు?

మే 18

మెట్లున్న ప్రతి ఇంట్లోనూ మూడో మెట్టు ఉంటుంది.

మే 21

నిన్నటి పేజీ చించేశాను.

మే 22

చించినంత మాత్రాన పోలేదు. మళ్ళీ రాస్తాను, ఈసారి సరిగ్గా.

మొన్న ఆఫీసులో మూడోమెట్టుకు బ్యాడ్జి పంపాల్సి వచ్చింది. మేటి పోస్టు రాసిన వాళ్ళకు అదే బహుమతి. పంపాలంటే తాళంచెవి నొక్కాలి. నొక్కాను. ఆ చెవి మీద రెండు పేర్లున్నాయి. ఒకటి మూడోమెట్టు. రెండోది అక్క. మెట్ల మీద కూర్చుని, నవ్వమంటే నవ్వని మొహంతో, నేను తీసిన ఫొటో.

నాకు చప్పుడు వినబడటం ఆగిపోయింది. నిజంగానే. గ్రాఫు గారి పెదాలు కదులుతున్నాయి, ఏసీ మీద కాగితం కొట్టుకుంటోంది, ఏదీ వినబడలేదు. చల్లటి నీళ్ళు తాగాను. మళ్ళీ నొక్కాను. అదే ఫొటో. ఎన్నిసార్లు నొక్కితే అది ఇంకొకరిది అవుతుంది?

చీకటి గదిలో నేను నర్సమ్మ గారితో మాట్లాడిన మూడుసార్లూ, ఆవిడ కదిలితే కదిలే ఆ ఇంట్లో, ఆ ఫోరంలో, మా అక్క ఉంది. ఫోరం మూతపడుతుంటే అందరితో పాటు తనూ వచ్చింది. నేను ఖాతా తెరిచిపెట్టిన ఫోనులోంచే, నా గైడు చదివి, నచ్చిన పేరు పెట్టుకుంది. మూడు పేజీలు చదివి ఉంటుంది.

మౌని దగ్గరికి వెళ్ళి, తెలిసినావిడది, ఒక పోస్టు తీసేయాలి అన్నాను. అతను మొదటిసారి తలెత్తి నన్ను చూశాడు. మన యాప్‌లో దాచగలం కానీ మిగతా వేల కంప్యూటర్లలో ఉంటుంది, తీయడమన్నది లేదు అన్నాడు. గోడ మీద నేను వేయించిన నినాదం వైపు చూసి మళ్ళీ తల దించుకున్నాడు. 'ఎవరూ చెరపలేరు.' ఎర్ర అక్షరాలు. ఆ రంగు కోసం వారం రోజులు కొట్లాడాను.

గ్రాఫు గారు మన యాప్‌లో దాచడానికి కూడా ఒప్పుకోలేదు. దాస్తే పరువు పోతుందట, మనమే మన మాట తప్పామంటారట. అది మనకు దొరికిన ముత్యం అన్నారు. ఆ ముత్యం మా అక్క అని చెప్పలేకపోయాను.

కత్తిరించిన మూడు వాక్యాలు ఇవి:

'మా చెల్లి నాలుగు నెలలుగా మా ఇంట్లోనే ఉంటోంది. ఆయన జోకులకు నవ్వుతుంది. దాని నవ్వు వింటే, పిచ్చి నాకేనేమో అని నమ్మకం కుదురుతుంది.'

మే 23

గడియ వచ్చింది.

కొత్తది, ఇత్తడిది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి బిగించి ఉంది. మనిషెవరూ రాలేదు. బావే బిగించాడట, పది నిమిషాల్లో. నాలుగు స్క్రూలు. కళ్ళజోళ్ళకు వాడే సన్నని స్క్రూడ్రైవరు అతని చొక్కా జేబులో ఎప్పుడూ ఉంటుంది. నాలుగు నెలలుగా రోజూ టీ దగ్గర దాన్ని చూస్తున్నాను.

తాళంచెవి నొక్కి చూశాడన్నమాట.

మే 24

నర్సమ్మ గారికి నేనే ఫోన్ చేశాను. అక్క సంగతి చెప్పకుండా, తాళంచెవి సంగతి చెప్పాను. లెక్క కూడా తీసి పెట్టుకున్నాను: ఒకే చెవి మీద మారుపేరూ అసలు పేరూ రెండూ ఉన్నవాళ్ళు ఆవిడ గుంపులో అరవై ఒక్కమంది.

అరవై ఒక్కటి అని ఆవిడ ఒకసారి పలికారు. తర్వాత నెమ్మదిగా అన్నారు, నర్సులు సూది గుచ్చేముందు అంటారే, అలా.

"నిన్ను నేను ఒక్కటే అడిగాను అమ్మాయ్. నువ్వేం చెప్పావో గుర్తుందా?"

గుర్తుందండీ అన్నాను.

"ఆ పిల్లలందరూ నా మాట మీద వచ్చారు. నీ యాప్‌ను చూసి రాలేదు."

తిట్టి ఉంటే బాగుండేది. ఫోన్ పెట్టేసి ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాను. ఎన్నో మెట్టో లెక్కపెట్టలేదు.

మే 25

ఆదివారం. ముగ్గురమూ టీ దగ్గర.

బావ చాలా హుషారుగా ఉన్నాడు. కప్పులో చక్కెర తిప్పుతూ, జనాలు ఏమేం రాస్తున్నారో చూశావా అని నన్నే అడిగాడు. తలనొప్పి ముదిరితే ఉన్నది లేనట్టు, లేనిది ఉన్నట్టు అనిపిస్తుందట, పాపం వాళ్ళ తప్పు కాదట. తర్వాత స్నానాల గది వైపు చెంచాతో చూపించాడు.

"ఏమ్మా మరదలు పిల్లా, మనింట్లో గడియ ఎప్పుడూ ఉన్నదే కదా?"

అడిగి నవ్వాడు. జోకు చెప్పి నా నవ్వు కోసం ఆగినప్పుడు ఎలా చూస్తాడో అలాగే చూశాడు. అక్క నా వైపు చూడలేదు. బల్లమీద ఒక మరకను వేలితో తుడుస్తోంది. మరక లేదక్కడ.

నవ్వు సగం వచ్చేసింది. అలవాటు. పెదాల దాకా వచ్చిన ఆ నవ్వును అక్కడే మింగేశాను. ఇన్నాళ్ళూ నేను ఈ ఇంట్లో చేసిన పని ఇదా? అద్దె లేకుండా ఉంచుకున్నది ఇందుకా?

"లేదు బావా. మొన్న శుక్రవారం దాకా లేదు," అన్నాను.

చెంచా ఆగింది. అతని నవ్వు మాత్రం పోలేదు. అదే చోట ఉంది, లోపల మనిషి లేనట్టు. నీకూ తలనొప్పి మొదలైనట్టుంది అన్నాడు చివరికి, మెల్లగా. చొక్కా మార్చుకుని షాపుకని వెళ్ళిపోయాడు. ఆదివారం షాపు లేదు.

అక్క మెట్ల దగ్గరికి వెళ్ళింది. నేను రెండో మెట్టు మీద, కింద కూర్చున్నాను. అంతా చెప్పాను. తాళంచెవి, నాలుగో పేజీ, ఫొటో, బ్యాడ్జి, చెరపలేమన్న మాట. తల వంచుకునే చెప్పాను. తను అరుస్తుందని, కొడుతుందని, ఏడుస్తుందని అనుకున్నాను.

"పోస్టర్ వచ్చిన రోజే చూశాను," అంది. "నువ్వు గుర్తుపట్టావనుకున్నానే. గుర్తుపట్టే, నీ గురించి రాసింది తీసేశావనుకున్నాను."

పది రోజులు. పది రోజులు ఆ మాట లోపల పెట్టుకుని నా బట్టలు మడత పెట్టింది, నాకు బాక్సు కట్టింది.

గుర్తుపట్టలేదక్కా, పట్టలేదని తీసేశాను, పోస్టర్‌లో పట్టలేదని అన్నాను. ఎంత నీచంగా ఉందో ఆ జవాబు. కానీ నిజం అదే. అప్పుడు తను అడిగింది.

"అసలు పోస్టును ఎవరూ చెరపలేరా?"

చెరపలేరన్నాను.

"మీ బావ కూడా?"

ఎవరూ.

"తారీఖులు ఉంటాయా?"

నిమిషంతో సహా ఉంటాయన్నాను.

అప్పుడు చెప్పింది. రెండేళ్ళ కిందట తనూ ఒక డైరీ రాసేదట. నీలం అట్టది. ఒక రోజు కనబడలేదు. అడిగితే నువ్వెప్పుడూ డైరీ రాయలేదే అన్నాడట బావ, ఎంతో జాలిగా, తల నిమురుతూ. నెల రోజులు వెతికి, నిజంగానే రాయలేదేమో అనుకుందట. ఆ తర్వాతే ఫోరంలో చేరింది.

నేను నోరు తెరుచుకుని వింటున్నాను. చెరిపేయలేక నేను ఐదు రోజులుగా చస్తున్న ఆ పోస్టును, తను ఒక్కొక్క మాటగా గుర్తు చేసుకుంటోంది, ఉందో లేదో సరిచూసుకుంటున్నట్టు.

"నువ్వు కోసేసిన మూడూ ఉన్నాయా అక్కడ?"

ఉన్నాయన్నాను.

"ఉండనీ," అంది.

మే 26

గదిలో సామాను సర్దుకుంటున్నాను. నాది ఒక సూట్‌కేసు, అక్కది ఒక చేతిసంచి. అంతేనా అన్నాను. తలనొప్పి మాత్రలు, రెండు జతల బట్టలు, ఛార్జరు. అంతే.

ఎక్కడికో తెలియలేదు. నాకు తెలిసిన ఇళ్ళన్నీ బావకూ తెలుసు. చివరికి సిగ్గు విడిచి నర్సమ్మ గారికే ఫోన్ చేశాను. మూడోమెట్టు మా అక్క అని అప్పుడు చెప్పాను.

మీ అక్కకు వెలుతురు లేని గది కావాలి, నా దగ్గర ఉంది అన్నారు. తీసుకురా. నువ్వు కూడా రా, నీకు పని ఉంది.

మే 27

బావ షాపు తెరిచిన గంటకు బయల్దేరాం. వీధి చివరిదాకా అక్క నా చెయ్యి పట్టుకునే ఉంది. ఎండకు కళ్ళు మూసుకుని నడిచింది.

మే 30

పని అంటే ఇదీ: అరవై ఒక్కమందికి ఒక్కొక్కరికీ నేనే ఫోన్ చేసి చెప్పాలి. మెసేజ్ పెడతానంటే నర్సమ్మ గారు ఒప్పుకోలేదు. నీ గొంతుతో చెప్పు, వాళ్ళనేది నీ చెవితో విను అన్నారు. ఆవిడ ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటారు. నాతో మాట్లాడరు.

ఇరవై ఏడుగురు అయ్యారు. ఒకావిడ ఫోన్ విసిరేసినట్టుంది, చప్పుడొచ్చింది. ఒకావిడ నవ్వింది. ఒకమ్మాయి ఏమీ అనకుండా, 'మా ఆయన పక్కనే ఉన్నాడు, రాంగ్ నంబర్' అని పెట్టేసింది. అప్పటి నుంచి ఆ అమ్మాయి గురించే ఆలోచిస్తున్నాను. అక్కకు మేలు జరిగిందని ఆ అమ్మాయితో ఎలా అనగలను?

గ్రాఫు గారు రమ్మంటున్నారు. పద్నాలుగు వేలైందట.

జూన్ 2

బావ ఫోన్. మీ అక్కకు ఒంట్లో బాగోలేదని నీకు తెలుసు కదా, నువ్వయినా అర్థం చేసుకో అన్నాడు. గొంతు నిజంగా ఏడుపుగా ఉంది. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, పాపం అనిపించింది. అదీ రాసి పెడుతున్నాను. ఈ పేజీ చించను.

చెప్పాల్సినవాళ్ళు ఇంకా పంతొమ్మిది మంది ఉన్నారు.

పొద్దున అక్క స్నానానికి వెళ్ళింది. ఈ ఇంటి గడియ పాతది, ఇనుపది, గట్టిగా నెడితే గానీ పడదు. నేను వసారాలో ఫోన్ పట్టుకుని తర్వాతి నంబరు చూస్తున్నాను. లోపల గడియ పడ్డ చప్పుడైంది. మళ్ళీ తీసిన చప్పుడు. మళ్ళీ పడ్డ చప్పుడు.

తర్వాత నీళ్ళు. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. అలవాటుగా, అక్కా, బాగానే ఉన్నావా అని పిలవబోయాను. నర్సమ్మ గారు కుర్చీలోంచే చెయ్యెత్తి వద్దని ఆపారు.

పిలవలేదు. గంటసేపు ఎవరూ పిలవలేదు.